ఆరు శ్రుతిలో మా ఇల్లు

పిల్లలకు సంగీతం ఇంట్లోనే మొదలుపెడదామని అనుకున్నాక, అన్నిటికంటే ముందు మేం తేల్చుకోవాల్సి వచ్చింది శ్రుతి, అంటే పాటంతటికీ ఆధారమైన 'సా' ఎంత ఎత్తులో ఉండాలన్నది. దాన్ని ఒకటి, ఒకటిన్నర, రెండు అంటూ అంకెలతో చెబుతారు. ఏ పాఠంతో మొదలుపెట్టాలి, రోజుకి ఎంతసేపు, పుస్తకం ఉండాలా వద్దా... ఇవన్నీ దాని తర్వాతే. నేను చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకున్నాను, నా గొంతు ఐదు శ్రుతిలో హాయిగా పలుకుతుంది. మావారు సంగీతం నేర్చుకోలేదు కానీ పాటంటే ప్రాణం, ఆయనకు ఒకటిన్నర కుదురుతుంది. అత్తయ్య ఏ పాటైనా తనకు తోచిన చోట ఎత్తుకుంటారు, ఎత్తుకున్న చోటి నుంచి చివరిదాకా వెంట్రుకవాసి కూడా జారరు. అప్పటికి పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగు. ఇంతమంది కలిసి కూర్చుని పాడాలంటే ఎవరి శ్రుతి పెట్టుకోవాలి?

పిల్లల శ్రుతే పెట్టుకోవాలని నా పట్టు. పెద్దవాళ్ల గొంతు కొంచెం అటూ ఇటూ సర్దుకోగలదు. నాలుగేళ్ల పిల్లాడి గొంతు సర్దుకోలేదు. అందని స్వరాన్ని అందుకోవాలని వాడు అరుస్తాడు, లేదంటే పాడటం మానేసి మాట్లాడినట్టు పలికేస్తాడు. రెండూ తర్వాత మాన్పించడం కష్టం. అందుకని వాళ్లు ఆడుకుంటూ కూనిరాగాలు తీసేటప్పుడు కీబోర్డు దగ్గర కూర్చుని వాళ్ల గొంతు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తిరుగుతోందో మెట్టు మెట్టూ నొక్కి చూసుకున్నాను. పాడమని అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. వాళ్లంతట వాళ్లు పాడుకునేటప్పుడే అసలు గొంతు తెలుస్తుంది. అలా చూస్తే ఆరు దగ్గర కుదిరింది. ఆరు శ్రుతిలో పిల్లల ఆధార షడ్జం, అంటే కింది 'సా', 220 హెర్ట్జ్, తార షడ్జం, అంటే పై 'సా', 440. మావారికి అదే షడ్జం ఒక స్థాయి కింద, 110 దగ్గర. ఆయన గొంతుకు అది కొంచెం లోతే అయినా అందుతుంది. నాకు తార గాంధారం, అంటే పై స్థాయి 'గ', దగ్గర బిగువుగా ఉంటుంది, కానీ మొదటి పాఠాల్లో అంత పైకి వెళ్లే అవసరమే రాదు.

శ్రుతి తేలాక కూడా వెంటనే పాఠం మొదలుపెట్టలేదు. కొన్ని వారాలపాటు పొద్దున్న పిల్లలు లేచే వేళకి తంబురా మోగుతూ ఉండేది, అంతే. పంచమం ('ప'), సారణి, అనుసారణి (రెండూ 'సా'), మంద్రం (కింది స్థాయి 'సా'): నాలుగు తీగలూ ఒకదాని తర్వాత ఒకటి. ఫోన్‌లో తంబురా యాప్ చాలు, కానీ ఫోన్ స్పీకరు మంద్రాన్ని దాదాపు మింగేస్తుంది. చిన్న స్పీకరు ఒకటి తగిలిస్తే గదంతా ఆ మంద్రం నిండుతుంది, చెవికి ఆధారం దొరికేది దానివల్లే. ఎవరినీ పాడమనలేదు. నేను మాత్రం పనులు చేసుకుంటూ మధ్యమధ్యలో 'సా' అని నిలబెట్టి, వదిలేసేదాన్ని. మొదట అందుకున్నది బాబు. పాప బొమ్మలు వేసుకుంటూ పంచమం పట్టుకుంది. అది పంచమమని దానికి తెలియదు. తంబురాలో వినబడుతోంది కాబట్టి పాడింది. నేనూ ఏమీ అనలేదు. పేరు తర్వాత చెప్పొచ్చు, ముందు చెవి పట్టుకోవడం ముఖ్యం.

జపాన్‌కు చెందిన వయొలిన్ గురువు షినిచి సుజుకి (1898–1998) తన పద్ధతిని దీనిమీదే నిలబెట్టారు. పిల్లలు మాతృభాషను ఎలా నేర్చుకుంటారో సంగీతమూ అలాగే నేర్చుకోగలరని, అందుకు తల్లో తండ్రో పక్కనే ఉండి తామూ నేర్చుకోవాలని ఆయన చెప్పారు. మాది వయొలిన్ కాదు, పద్ధతీ అది కాదు. కానీ ఆ ఒక్క మాట మాత్రం మా ఇంట్లో బాగా పనికొచ్చింది. 'కూర్చో, పాడు' అని మేం పక్కకు తప్పుకుంటే పిల్లలకు అది హోంవర్కు. మేం కూర్చుని పాడుతుంటే వాళ్లే వచ్చి చేరతారు.

తర్వాత చేసింది ఒక ఆట. తంబురా పెట్టుకుని అందరం 'సా' పాడతాం, తంబురా ఆపేస్తాం. అటూ ఇటూ నడుస్తాం, మాట్లాడుకుంటాం, కాసేపయ్యాక ఒక్కొక్కరం మనసులో మిగిలిన 'సా'ని పైకి పాడతాం. అప్పుడు మళ్లీ తంబురా వేసి చూసుకుంటాం, ఎవరిది నిలిచింది, ఎవరిది జారిందని. ఈ ఆటలో వయసు తేడా లేదు, నేర్చుకున్నవాళ్లు నేర్చుకోనివాళ్లు అనే తేడా కూడా పెద్దగా లేదు. అత్తయ్యే ఎక్కువసార్లు గెలిచేవారు. 'నాన్నా, నువ్వు కిందికి జారిపోయావు' అని పాప చెబితే ఆయన 'ఏదీ, నువ్వు పాడి చూపించు తల్లీ' అనేవారు. ఇంకొకరి అపశ్రుతి వినిపించడం మొదలైందంటే తన శ్రుతి కూడా తనకి వినిపిస్తోందన్నమాట. అక్కడినుంచి పాపకు నేను శ్రుతి గురించి చెప్పాల్సింది చాలా తగ్గిపోయింది.

మగగొంతు విషయంలో ఒకటి గమనించాను. మావారు ఒక స్థాయి కింద పాడుతుంటే పాప తన స్థాయిలో తను పాడేది. బాబు మాత్రం నాన్న గొంతే తనకూ రావాలని కిందికి వెళ్లి గుర్రుమనేవాడు. అందుకని వాడికి పాడి చూపించాల్సి వస్తే నేనో అక్కో పాడతాం, నాన్న వాడితో పాటు కలుపుతారు. పిల్లలు పిల్లల గొంతును పట్టుకున్నంత తేలిగ్గా ఇంకెవరి గొంతునూ పట్టుకోరు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే వాళ్లలో పెద్దవాళ్లకి ముందు బాగా చెప్పుకోవడం మంచిది, చిన్నవాళ్లకి సగం పాఠం వాళ్లే చెప్పేస్తారు.

తాళం అత్తయ్య చేతుల్లోంచి వచ్చింది. ఆవిడకి తాళం భాగాలకు లఘువు, ద్రుతం అనే పేర్లు ఉన్నాయని తెలియదు. పాట ఎత్తుకుంటే చేయి దానంతటదే పడుతుంది. పిల్లలు ఆవిడ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంటే, ఆవిడ వాళ్ల చేతులు పట్టుకుని వేయించేవారు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆ తర్వాత దెబ్బ–విసురు, దెబ్బ–విసురు. పాపకు ఇది త్వరగానే పట్టుబడింది. నాలుగేళ్ల వాడికి ఉంగరపు వేలు విడిగా కదలదు, అది వాడి తప్పు కాదు. వేళ్ల జోలికి పోకుండా వాడిని నడిపించాం. 'తకధిమి' అంటూ నాలుగు అడుగులు, తర్వాత 'తకధిమి' అంటూ మళ్లీ నాలుగు. 'తకిట' అంటే మూడు, 'తకతకిట' అంటే ఐదు. 'తకిట తకధిమి' ఏడు అని వాడికి లెక్క రాకముందే కాళ్లకు వచ్చేసింది. కాలం, అంటే పాడే వేగం, ఏమిటో నడకలోనే అర్థమైంది: అడుగు అదే వేగంతో పడాలి, నోట్లో జతులు, అంటే ఈ 'తకధిమి' పలుకులు, మాత్రం రెట్టింపవ్వాలి. ఇది పెద్దవాళ్లలో చాలామందికి కూర్చుని నేర్చుకుంటే రాదు, నడిస్తే వస్తుంది. మావారికి అలాగే వచ్చింది.

సరళి స్వరాలు, అంటే స రి గ మ లను వరసగా పాడే మొదటి పాఠాలు, మొదలయ్యేసరికి చెవికి శ్రుతి, కాళ్లకు తాళం పట్టుబడి ఉన్నాయి. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో చెబుతారు. 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, అది 15వది. సరళి, జంట, అలంకారాలు, గీతాలు అనే ఈ వరసను ఏర్పరిచింది పురందరదాసు (1484–1564) అని మన సంప్రదాయం చెబుతుంది. ఈ రాగమే ఎందుకన్నది ఇంట్లో చెప్పడం మొదలుపెట్టాక నాకు ఇంకా బాగా తెలిసింది. స రి గ మ ఎంతెంత దూరాల్లో ఉంటాయో, ప ద ని స కూడా సరిగ్గా అంతంత దూరాల్లోనే ఉంటాయి. కింది సగం వస్తే పై సగం వచ్చినట్టే. మా బాబు విషయంలో దీన్ని తిరగేసి వాడుకున్నాం. వాడికి ఆరులో కూడా కింది షడ్జం కొంచెం గాలిగా వచ్చేది, పంచమం నుంచి పైకి గొంతు తెరుచుకునేది. అందుకని వాడికి ముందు ప ద ని స, స ని ద ప చెప్పాం. కొన్ని నెలలయ్యాక అదే నడకని కిందికి దించి స రి గ మ అన్నాం. వాడికి కొత్త పాఠం అనిపించనే లేదు.

ఇబ్బంది పెట్టేది రిషభం, అంటే 'రి'. పిల్లలు బళ్లో పాడే పాటల్లోనూ ఇంగ్లీషు రైమ్స్‌లోనూ వినేది ఎక్కువగా చతుశ్రుతి రిషభం, షడ్జానికి ఇంకొంచెం దూరంగా ఉండే 'రి'. మాయామాళవగౌళలో శుద్ధ రిషభం, షడ్జానికి అర అడుగు దూరంలోనే ఉంటుంది. పాపకు చెవికి అలవాటైన రిషభమే పదే పదే వచ్చేది. ఇంకా కింద, ఇంకా కింద అని చెబుతూ పోతే షడ్జంలోకే జారిపోయేది. అలా చెప్పడం మానేసి 'స రి స' మాత్రమే, తంబురాకి చెవి ఆనించి, చాలా నెమ్మదిగా పాడించాను. 'రి ఎక్కడికీ పోలేదమ్మా, సా ఒళ్లోనే కూర్చుంది' అంటే నవ్వింది, ఆ తర్వాత రిషభం చోటుకొచ్చింది. రిషభం కుదిరాక అంతర గాంధారానికి ('గ') పెద్ద అంగ వేయాలి, అక్కడినుంచి మధ్యమానికి ('మ') మళ్లీ చిన్న అడుగు. ఈ చిన్నా పెద్దా అడుగుల తేడా పిల్లలకు ఇష్టం. నేల మీద చాకుపీసుతో గళ్లు గీసి, దగ్గర దగ్గరగా రెండు, దూరంగా ఒకటి, వాటి మీద గెంతుతూ పాడేవాళ్లు. గీత మీద కాలు పడితే స్వరం తప్పినట్టని వాళ్లే నియమం పెట్టుకున్నారు.

మూడు కాలాల గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మొదటి సరళి వరస మొదటి కాలంలో ఆరోహణకి (ఎక్కడానికి) ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, అవరోహణకి (దిగడానికి) ఒకటి. రెండో కాలంలో రెండూ కలిపి ఒకే ఆవర్తనం. మూడో కాలంలో సగం ఆవర్తనంలోనే అయిపోతుంది, కాబట్టి రెండుసార్లు పాడాలి. విన్నవాళ్లు మెచ్చుకునేది మూడో కాలాన్నే, అందుకే పిల్లలను అక్కడికి తోసేయాలనిపిస్తుంది. వేగంలో స్వరస్థానాలు కనబడవు, తప్పులు దాక్కుంటాయి. మా ఇంట్లో మొదటి కాలం ఎంత నెమ్మదంటే ఒక్కో స్వరం మీద ఊపిరి మొత్తం నిలబెట్టేవాళ్లం. రెండో కాలం వారంలో ఎప్పుడో. మూడో కాలం అలంకారాల దాకా ముట్టుకోలేదు. ముట్టుకున్నాక పాపకు అది రావడానికి పెద్దగా సమయం పట్టలేదు. గొంతు స్వరం మీద నిలవడం నేర్చుకుంటే వేగం తర్వాత వస్తుంది. వేగంతో మొదలైన గొంతును మళ్లీ నిలబెట్టడం గురువులకు ఎంత శ్రమో నేను చూశాను.

ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పాడే జంట స్వరాల దగ్గర పిల్లలు సాధారణంగా 'సస'ని 'సా' చేసేస్తారు. రెండో స్వరం మీద ఊనిక పడాలి, గొంతుతో దాన్ని కొత్తగా మీటాలి. ఇది మాటల్లో చెబితే అర్థం కాదు. మొదటి 'స' నేను, రెండో 'స' పాప. మొదటి 'రి' నేను, రెండో 'రి' పాప. అలా పంచుకుని పాడితే రెండోదానికి దానంతటదే బలం వచ్చింది. తర్వాత మొదటిది పాప, రెండోది బాబు. వాడు తన వంతు వచ్చిందని ఎంత సంబరంగా అందుకునేవాడంటే ఊనిక గురించి వేరే చెప్పక్కర్లేకపోయింది. తర్వాత ఇద్దరూ రెండూ పాడారు, తేడా స్పష్టంగా వచ్చింది.

తప్పు దిద్దడం గురించి మా ఇద్దరి మధ్య కొంత చర్చ నడిచింది. వెంటనే ఆపి చెప్పాలన్నది నా అలవాటు, నేను నేర్చుకున్నదీ అలాగే. వరస పూర్తిగా పాడనిచ్చి, తర్వాత చెప్పమన్నది ఆయన మాట. చివరికి కుదిరిన పద్ధతి ఇది: మధ్యలో ఆపం, వరస అయ్యాక తప్పు పేరు ఎత్తం, ఆ ఒక్క సంచారాన్ని, అంటే ఆ స్వరాల ముక్కని, సరిగ్గా పాడి వినిపించి 'మళ్లీ' అంటాం. శ్రుతి జారితే మాత్రం ఆపుతాం. తాళం తప్పితే తాళమే వాళ్లకి చెబుతుంది, శ్రుతి జారిపోతే ఆ తర్వాత పాడినదంతా వృథా. జలుబు చేసినా గొంతు బొంగురుపోయినా పాడించం. ఆ రోజుల్లో తాళం వేయడం, వినడం, జతులు పెదవుల మీద చెప్పుకోవడం. బొంగురు గొంతుతో బలవంతంగా పాడించడం పిల్లల గొంతుకి చేటు. అంత కొంపలు మునిగే తొందరేమీ ఇందులో లేదు.

కూర్చునేది ఒక్కసారికి పావుగంట, అంతకు మించి కాదు. కానీ రోజూ. బాబుకు అందులో సగం. వాడు మధ్యలో లేచి వెళ్లిపోతే వెళ్లనిస్తాం, పక్కగదిలోంచి పాడుతుంటాడు. పాప కొంతకాలం పాడనని మొరాయించింది. తమ్ముడు ఏం పాడినా ఇంట్లో అందరూ మురిసిపోతున్నారని, తను పాడితే దిద్దుతున్నారని దాని బాధ. ఆ బాధలో న్యాయముంది. అప్పటినుంచి తాళం వేసే పని, తంబురా శ్రుతి చూసే పని దానికి అప్పజెప్పాం, బాబుకు కొత్త వరస చెప్పేదీ అదే. పుస్తకం కూడా అప్పుడే ఇచ్చాం. జంటల దాకా మా దగ్గర రాతే లేదు, అంతా నోటిపాఠం. కాగితం చేతికొస్తే కళ్లు పని చేస్తాయి, చెవులు విశ్రాంతి తీసుకుంటాయి. నోటికి వచ్చినదాన్ని పాప తన చేత్తో రాసుకుంది. తార స్థాయికి అక్షరం పైన చుక్క, మంద్రానికి కింద చుక్క. రాసుకున్న కొద్దీ తనకు ఎంత వచ్చో తనకే కనబడింది, మొరాయింపు కూడా తగ్గింది.

అందరం కలిసి పాడటంలో అసలైన ఆనందం అలంకారాల్లో దొరికింది. ఏడు తాళాలు, ఒక్కోదానికి ఒక్కో నడక. ధ్రువతాళానికి 14 అక్షరాలు, నాలుగూ రెండూ నాలుగూ నాలుగూ: 'సరిగమ గరి సరిగరి సరిగమ'. అత్తయ్య చేయి, మావారి నోట జతులు, స్వరాలు నేనూ పాపా. బాబు ఆ మధ్యలో వచ్చే రెండక్షరాల 'గరి' మాత్రమే అందుకోవాలి. వాడు దానికోసం ఎంత శ్రద్ధగా కాచుకుని కూర్చునేవాడో! రూపకంలో 'సరి సరిగమ', మొదటి రెండూ వాడివి, మిగతా నాలుగూ అక్కవి. త్రిపుట ఏడక్షరాలు వచ్చినప్పుడు మాత్రం అందరం కొన్ని రోజులు తడబడ్డాం. అట తాళం 14 అక్షరాలూ ఐదు ఐదుగా మొదలవుతాయి కాబట్టి 'తకతకిట' బాగా కుదిరాక గానీ దాని జోలికి వెళ్లలేదు. ఏ వయసు వాళ్లకి ఎంత వస్తే అంత ముక్క ఇవ్వగలగడం ఇంట్లో ఉన్న పెద్ద సౌకర్యం. ఒకే వయసు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టిన తరగతిలో ఇది కుదరదు.

గీతాలకు వచ్చేసరికి మొదటిసారి మాట, అర్థం, రాగం కలిశాయి. మొదట నేర్పే పిళ్లారి గీతాలు మలహరి రాగంలో ఉంటాయి, అది మాయామాళవగౌళకు జన్యం, అంటే దాన్నుంచి పుట్టిన రాగం. నిషాదం ('ని') అసలు లేదు. గాంధారం అవరోహణలోనే వస్తుంది: ఎక్కేటప్పుడు స రి మ ప ద స, దిగేటప్పుడు స ద ప మ గ రి స. నేనీ సంగతి చెప్పకుండా మొదటి గీతం స్వరాలు పాడించి ఊరుకున్నాను. కొన్నాళ్లకు పాపే వచ్చి, 'అమ్మా, పైకి వెళ్లేటప్పుడు గ ఎందుకు రావట్లేదు? ని ఎక్కడుంది?' అని అడిగింది. అప్పుడు ఆరోహణ, అవరోహణ, జన్యరాగం అనే మాటలు చెప్పాను. అడగకముందు చెప్పి ఉంటే బట్టీ పట్టేది. అడిగి తెలుసుకుంది కాబట్టి అప్పటినుంచి ఏ రాగం విన్నా ముందు ఏ స్వరం లేదో వెతుకుతోంది. నా చిన్నప్పుడు ఈ ప్రశ్న నాకు రాలేదు.

ఇంటికి వచ్చినవాళ్ల ముందు పాడమనడం మేం పెట్టుకోలేదు. పాడాలనిపిస్తే వాళ్లే పాడతారు, లేకపోతే లేదు. పోటీలకు పంపమని సలహాలు వచ్చాయి, అదీ పెట్టుకోలేదు. పాటంటే బహుమతికనే లెక్క ఈ వయసులో పడకూడదని మా ఇద్దరి ఉద్దేశం.

గీతాలన్నీ అయ్యాక పాపను గురువు దగ్గరికి పంపాం. గీతాల తర్వాతి పాఠాలైన స్వరజతులు, వర్ణాలు నేను చెప్పగలను, కానీ వాటిలో గమకాలు, అంటే స్వరాల ఊపులు, గురుముఖంగా రావాలి. నా గొంతులో ఎంతోకాలంగా సాధన లేని గమకాన్ని పిల్ల గొంతులో పెట్టడం నాకిష్టం లేదు. గురువుగారు మొదటి రోజు పాట అడగలేదు. తంబురా వేసి సా పాడమన్నారు, ఆపి కొంతసేపు మాట్లాడారు, మళ్లీ పాడమన్నారు. మా ఆట ఆవిడకి ఎవరు చెప్పారని పాప ఇంటికొచ్చి అడిగింది. తరగతిలో అందరూ ఐదున్నరలో పాడతారు, తను కూడా అందులోనే పాడుతోంది, ఇబ్బంది లేదు. ఇంట్లో సాయంత్రం పావుగంట మాత్రం అలాగే ఉంది. గురువుగారు చెప్పిన పాఠాన్ని పాప మాకందరికీ పాడి చూపిస్తుంది, మావారు దాన్ని చూసి గీతాలు నేర్చుకుంటున్నారు, బాబు ఇప్పుడు జంటల్లో ఉన్నాడు, ఉంగరపు వేలు కూడా విడిగా కదులుతోంది.